అడగకముందే ఇచ్చిన మాట

కిరసనాయిలు సీసా సగం అయిపోయినా గేటు మీది ఎర్ర రంగు వదల్లేదు. అన్నయ్య గుడ్డతో రుద్దిన కొద్దీ అక్షరాలు పలచబడి, పక్కలకి పాకి, మరీ పెద్దవిగా కనిపించసాగాయి. "ఈ ఇల్లు తెగకు జవాబు చెప్పాలి." ఏదో తెగ ఆ ఇంటి మీద పగ పట్టిందని దానర్థం. బస్రాలో ఇలాంటి రాత కనిపించని వీధి లేదు. నిన్నటిదాకా అవి వేరేవాళ్ళ గేట్ల మీద ఉండేవి, మేం కారు అద్దాలు ఎక్కించుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

"ఇంక రుద్దకు జబ్బార్," అంది మా వదిన ఇంతిసార్, వాకిట్లో నిలబడి.

"నలుగురూ చూస్తారు."

"చూసేశారు. తెల్లవారుజామున నమాజుకి వెళ్ళినవాళ్ళంతా చూసేశారు. ఇక కొత్తగా చూడాల్సింది ఎవరు?"

"నాన్న," అన్నాను నేను.

ముగ్గురం ఒకేసారి ఆయన గది కిటికీ వైపు చూశాం. నాన్నకి ఎనభై రెండేళ్ళు. కిందటి చలికాలం గుండెకి ఆపరేషన్ అయింది. ఆయన చెవిన చెడ్డ మాట పడనివ్వకండని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు, ఈ దేశంలో అదేదో మన చేతిలో ఉన్నట్టు.

"ముందుగది తివాసీ తెచ్చి గేటు మీద వేద్దాం. ఉతికి ఆరేశామనుకుంటారు," అన్నాను.

"ఇంత పొద్దున్నే తివాసీ ఎవరు ఉతుకుతారే?" అన్నాడు అన్నయ్య.

"నేను ఉతుకుతాను. పెళ్ళికాకుండా నలభయ్యో పడిలో పడ్డ ఆడది ఏం చేసినా ఈ వీధిలో ఎవరూ ఎందుకని అడగరు."

అన్నయ్య నవ్వలేదు. అయినా తివాసీ తెచ్చాడు. ఇద్దరం కలిసి వేశాం. ఆ ఆలోచన నాది. సాయంత్రానికి అది మా ఇంటిని ఎక్కడికి తెచ్చిందో చెప్పబోతున్నాను కాబట్టి, నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

వంటింట్లో టీ మరుగుతోంది. ముగ్గురం ఉన్నా కప్పులు తీసినవాళ్ళు లేరు. రిదాని, అంటే వాళ్ళ పదమూడేళ్ళ కొడుకుని, చీకటితోనే జుబైర్‌లో ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి పంపేశారు. వాడి చెప్పులు మాత్రం తలుపు పక్కన అలాగే ఉన్నాయి.

"ఒక్క కాగితం ఇంతిసార్," అన్నాడు అన్నయ్య. "ఒక్క కాగితం వెనక్కి తీసుకుంటే అందరం బతుకుతాం."

"అందరమా?"

"మన ఇంట్లోవాళ్ళం."

"అలా చెప్పు."

వదిన ఆపరేషన్ గదుల్లో మత్తుమందు ఇచ్చేవాళ్ళని తయారుచేసే కాలేజీలో నాణ్యతా విభాగానికి అధిపతి. పేరు పెద్దదే. పని మాత్రం బాగ్దాద్ నుంచి వచ్చే నూట ఎనభై గడుల ఫారం నింపి, ముద్ర కొట్టి, తిప్పి పంపడం. నాలుగేళ్ళు శుభ్రంగా నింపింది. పరీక్ష హాలు పైకప్పు కూలిన ఏడు కూడా "భవనాలు" అనే గడిలో ఏదో ఒకటి రాసింది. ఈ ఏడు ఆవిడకి బుద్ధి పుట్టి, నింపడం మానేసి చూడటం మొదలుపెట్టింది. అక్కడే వచ్చింది తంటా.

జవాబు పత్రం మీద పేరు రాసిన మూల మడిచి, జిగురుతో అంటించి, పైన రహస్య సంఖ్య వేస్తారు. దిద్దేవాడికి అది ఎవరిదో తెలియకూడదు. జిగురు కావాలని పెట్టిన కాగితానికి రెండేళ్ళుగా జవాబు లేదు. అందుకని పరీక్షల గదిలో టీ పొయ్యి మీదే మైదాపిండి ఉడకబెట్టి పూస్తున్నారు. అది ఆరితే పసుపు రంగుకి తిరిగి పొట్టులా రాలుతుంది, చీమలు కూడా పడతాయి. మూడో సంవత్సరం అనస్థీషియా పేపరులో నూట పన్నెండు పత్రాలకి అదే జిగురు. నూట పదమూడోదానికి తెల్లగా, నున్నగా, బజారులో కొన్న జిగురు. వదిన మూల విప్పింది. పేరు ముహన్నద్. లోపలి చేతిరాత అతని మిగతా పత్రాల్లో ఉన్నది కాదు. పైగా ప్రతి జవాబూ తప్పులేకుండా ఉంది.

దాని మీద వదిన రాసిన మూడు పేజీల నివేదిక శుక్ర, శనివారాల సెలవు అయ్యాక, ఆదివారం పొద్దున యూనివర్సిటీకి వెళ్ళాలి. వెళితే ముహన్నద్‌కి ఆ ఏడాది చదువు మొత్తం పోతుంది. ముహన్నద్ మేనమామ షేక్ దాఖిల్, ఇంకో తెగకి పెద్ద. గేటు మీది రంగు ఎవరిదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

"ఫెయిలైనవాళ్ళకి మార్కులు కలపమని పైనుంచే కాగితాలు వస్తున్నాయి కదా," అన్నాడు అన్నయ్య. "ప్రభుత్వానికి లేని నొప్పి నీకెందుకు?"

"ఎంత కలిపినా వాడు గట్టెక్కడు. అందుకే వేరేవాడి చేత రాయించారు. ఇంకో ఏడాదికి వాడు ఆపరేషన్ గదిలో ఉంటాడు జబ్బార్. సూది వాడి చేతిలో ఉంటుంది. బల్ల మీద పడుకున్నవాడు వాణ్ణి నమ్మి కళ్ళు మూసుకుంటాడు."

"వాడెవడో నాకు తెలీదు. నా కొడుకు నాకు తెలుసు."

"నాకు మాత్రం వాడు కొడుకు కాడా?"

నేను లేచి పొయ్యి ఆపాను. టీ నల్లగా తారులా అయింది.

ఫోను మోగింది. కాలేజీ డీన్. వదిన అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

"డాక్టరుగారూ, జిగురు చూసి పొరపడ్డానని రెండు ముక్కలు చాలు. నేనే టైపు చేయించి పెడతాను. మీరొచ్చి సంతకం పెట్టండి."

"నన్ను ఈ విభాగంలో వేసింది మీరే కదా సార్?"

"ఫారాలు నింపుతారని వేశాను తల్లీ. అందులో ఒక గడి ఉంటుంది చూడండి, విద్యార్థుల సంతృప్తి అని. ఈ విద్యార్థి అస్సలు సంతృప్తిగా లేడు."

నాకు నవ్వాగలేదు. వదిన నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

డీన్ గొంతు తగ్గించాడు. "నవ్వులాట కాదు. నిరుడు నా పక్క గదిలో కూర్చున్న మనిషి ఇవాళ కర్బలాలో బావమరిది ఇంట్లో పడి ఉన్నాడు. ఇల్లు అమ్మనివ్వరు, ఉండనివ్వరు. మీరు ధైర్యవంతులే. కానీ ధైర్యానికి ఆ ఫారంలో గడి లేదు."

ఫోను పెట్టేశాడు. అతను చెడ్డవాడని అనుకుంటే నాకు సులువుగా ఉండేది. కానీ ఆ గొంతులో ఉన్నది మా వంటింట్లో ఉన్న భయమే.

మధ్యాహ్నం దాటాక అన్నయ్య కారు తాళాలు తీసుకున్నాడు. ఖుర్నాలో మా తెగ పెద్దని కలిసి, నలుగురు పెద్దమనుషుల్ని కూడగట్టి, దాఖిల్ దగ్గరికి వెళ్ళి మూడు రోజుల గడువు అడగాలి. గడువు దొరికిందంటే ఈలోగా ఒక్క తూటా కూడా పేలదు. ఆ తర్వాతే పంచాయితీ. ముందు మనవాళ్ళు వెళ్ళేదాకా అటువాళ్ళు మన గుమ్మం తొక్కరు. ఇది పద్ధతి. పద్ధతిని నమ్ముకుని అన్నయ్య వెళ్ళాడు.

దాఖిల్‌కి పద్ధతులు మా అన్నయ్య కంటే బాగా తెలుసు.

పొద్దు వాలుతుండగా, అసర్ నమాజు వేళ, రెండు కార్లు ఆగాయి. తలనొప్పి మాత్ర వేసుకుని వదిన మేడ మీద పడుకుని ఉంది. నేను కిటికీలోంచి చూశాను. ముందు దిగింది సయ్యద్ నీమా, నల్ల తలపాగాతో. నాన్నకి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. ప్రవక్త వంశం మనిషి కాబట్టి ఆయన ఎదురొస్తే ఎంత పగవాడైనా లేచి నిలబడతాడు. వెనక దిగినవాళ్ళలో రంగేసిన మీసాలతో దాఖిల్ ఉన్నాడు.

నాన్న అప్పటికే గదిలోంచి బయటికి వచ్చారు. అత్తరు రాసుకున్నారు. తలగుడ్డ మీద తాడు సరిచేసుకుంటున్నారు.

"నీమా గొంతు విన్నాను. తలుపు తియ్యి సుందుస్."

"నాన్నా, ఒక్క మాట..."

"ఏంటి?"

చెప్పి ఉండాల్సింది. గేటు మీద తివాసీ ఎందుకుందో, వెనక ఉన్న మీసాలాయన ఎవరో చెప్పడానికి నాకు ఒక నిమిషం దొరికింది. ఆయన మొహం చూశాను. ఆపరేషన్ తర్వాత అంత వెలుగు ఆ మొహంలో నేను చూడలేదు. "ఏం లేదు," అన్నాను.

"ఆ బూడిదరంగు అబాయా మార్చుకో," అన్నారు నా వైపు పరీక్షగా చూసి. "మంచిది వేసుకో."

ఎందుకన్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ముందుగదిలో అందరూ గోడవారగా కూర్చున్నారు. నాన్నే లేచి, ఇత్తడి కూజాలోంచి పిడిలేని చిన్న కప్పుల్లోకి చేదు కాఫీ వంచి, కుడిచేతి వైపు నుంచి ఇచ్చుకుంటూ వచ్చారు. నేను మంచినీళ్ళ పళ్ళెంతో ఓరగా వేసిన తలుపు వెనక ఉన్నాను. సయ్యద్ నీమా కప్పు అందుకున్నాడు. పెదవుల దాకా తేకుండానే ముందున్న చాప మీద పెట్టాడు. మిగతావాళ్ళూ పెట్టారు.

కప్పు కింద పెడితే ఏదో అడగడానికి వచ్చినట్టు. ఇంటాయన ఇచ్చానని అనేదాకా తాగరు. పిల్లనడగడానికి వచ్చినా, హత్య కేసులో రాజీ అడగడానికి వచ్చినా కప్పు ఒకేలా కింద పెడతారు.

సయ్యద్ గొంతు సవరించుకున్నాడు. "హాజీ మతషర్, మేం ఒక కోరికతో వచ్చాం."

"కాఫీ తాగు నీమా. నీ కోరిక తీరింది."

"ముందు విను హాజీ."

"నువ్వు నా ఇంటికి వచ్చాక నేను వినేదేముంది? అడగకముందే ఇచ్చాను. తాగండి, అందరూ తాగండి!"

నాన్న తలుపు వైపు చూసి చిన్నగా నవ్వారు. అప్పుడు తెలిసింది నాకు. సయ్యద్ నీమా అన్న కొడుకు, భార్య పోయిన మాస్టారు, ఒకాయన ఉన్నాడు. మొహర్రం రోజుల్లో ఆయన ప్రస్తావన ఒకసారి వచ్చి ఆగిపోయింది. నాన్న ఇన్ని నెలలుగా దాన్ని మనసులో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నా కోసం వచ్చారనుకున్నారు మా నాన్న. నా కోసమే అత్తరు రాసుకున్నారు.

సయ్యద్ ఇబ్బందిగా కదిలాడు. ఆయన ఇంకేదో అనేలోపు దాఖిల్ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. పక్కనున్న ఇద్దరూ తాగారు. ఇక చేసేది లేక, కళ్ళు దించుకుని, సయ్యద్ కూడా తాగాడు.

"అల్లా నీ ఇంటిని చల్లగా చూడాలి హాజీ," అన్నాడు దాఖిల్, కప్పు ఆడించి కాఫీ చాలని తిరిగిస్తూ. "పెద్దింటి మాటంటే ఇదీ. మీ కోడలు మా పిల్లాడి మీద రాసిన కాగితం వెనక్కి తీసుకుంటే చాలు, మాకింకేమీ వద్దు. ఆదివారం పొద్దున్నే సంతకం పెట్టిస్తే, మా కుర్రాళ్ళే వచ్చి మీ గేటుకి కొత్త రంగు వేసిపోతారు."

నాన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో ఆయనకి తెలియనట్టుంది.

"గేటుకి ఏమైంది?" అన్నారు.

సయ్యద్ నీమా లేచి నాన్న భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు. "నన్ను క్షమించు మతషర్. నీకు అన్నీ తెలుసనుకున్నాను," అన్నాడు మెల్లగా.

వాళ్ళు వెళ్ళిపోయాక నాన్న చాలాసేపు లేవలేదు. కరెంటు పోయింది. జనరేటర్ మీదికి మారేదాకా గది ఉడికిపోయింది. ఆయన విసనకర్ర కూడా అడగలేదు. వదిన మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొత్తం విన్నదని చూడగానే తెలిసింది.

"ఇది ఎవరెవరికి తెలుసు?" అన్నారు నాన్న.

"అందరికీ నాన్నా," అన్నాను.

"నాకు తప్ప."

"మీ గుండెకి..."

"నా గుండె రాయిలా ఉంది! పోయింది నా మాట. ఎనభై రెండేళ్ళు వెనక్కి తీసుకోకుండా కాపాడుకున్న మాట. నాకు చెప్పి ఉంటే వాడి కప్పు చల్లారేదాకా కూర్చోబెట్టేవాణ్ణి కదే!"

నేను ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. నాకు అది తగినదే.

కాసేపటికి వదిన వైపు తిరిగారు. "ఇలా వచ్చి కూర్చో. ఇన్నేళ్ళలో నీ పనేంటో నేనెప్పుడూ అడగలేదు. ఏం రాశావు ఆ కాగితంలో?"

వదిన జిగురు సంగతి చెప్పింది, చేతిరాత సంగతి చెప్పింది. నాన్న ప్రతిదానికీ తలూపుతూ విన్నారు.

"ఆ కుర్రాడికి నిజంగానే ఏమీ రాదా? లేకపోతే బద్ధకమా?"

"పిలిచి అడిగాను మామయ్యా. డెబ్భై కిలోల మనిషికి మందు ఎంత ఎక్కించాలి అని. గోడ మీద పట్టిక ఉంది, చూసి చెప్పమన్నాను. చూసి కూడా మూడింతలు చెప్పాడు. మళ్ళీ అడిగితే ఏడ్చాడు."

"ఏడ్చాడా?"

"చెడ్డ పిల్లాడు కాదు. ఆ చదువు వాడి వల్ల కాదు, అంతే. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం లేదు."

నాన్న తన ఛాతీ మీద చొక్కా సర్దుకున్నారు. "నన్ను కోసినరోజు తల దగ్గర ఒకడు నిలబడ్డాడు, మూతికి గుడ్డ కట్టుకుని. భయపడకు హాజీ, నిద్ర లేపే పూచీ నాది అన్నాడు. వాడెవరి కొడుకో నేను అడగలేదు."

వదిన తల వంచుకుంది.

"సంతకం పెట్టకు," అన్నారు నాన్న.

"మరి మీరిచ్చిన మాట?"

"ఇచ్చింది నేను. తప్పేదీ నేనే. దాఖిల్ ఇంటికి వెళ్ళి, పదిమంది ముందు లేచి నిలబడి, ముసలివాణ్ణి, వినకుండా నోరు జారాను, వెనక్కి తీసుకుంటున్నాను అని చెబుతాను. ఉమ్మితే నా మొహాన ఉమ్ముతారు. నీ జోలికి రావద్దని అక్కడే అడుగుతాను."

ఆయన చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది వదిన. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ కన్నీళ్ళు నేను చూడటం అదే మొదలు. మనిషి అంటే ఎలా ఉండాలో ఆ పూట మా నాన్నని చూసి తెలుసుకున్నాను. నా పెళ్ళి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అవుతుండగా అన్నయ్య వచ్చాడు. వెళ్ళినప్పటి మనిషి కాడు. మొహం తేటపడి ఉంది. చేతిలో నిప్పుల మీద కాల్చిన చేప పొట్లం, వేడి రొట్టెలు.

"అయిపోయింది," అన్నాడు పొట్లం బల్ల మీద పెడుతూ. "రిదాని రేపు తీసుకొచ్చేద్దాం."

"ఏమైపోయింది?" అంది వదిన.

"దాఖిల్ ఫోన్ చేశాడు దారిలో. నాన్న మాటిచ్చారని చెప్పాడు. ఖుర్నా దాకా వెళ్ళకుండానే వెనక్కి తిరిగాను. డీన్ ఇల్లు దారిలోనే కదా, కాగితం టైపు చేసి సిద్ధంగా పెట్టాడు."

"ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేను."

అన్నయ్య రొట్టెలు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "పెట్టేశాను. నీ పేరుతో. బ్యాంకులో, రిదా బడిలో ఇన్నేళ్ళుగా నీ బదులు నేను పెడుతున్నదేగా. నువ్వు పెట్టవని తెలుసు, అందుకే నీకు ఆ కష్టం లేకుండా చేశాను. కాగితం దాఖిల్ మనుషులు పట్టుకెళ్ళారు కూడా."

"డీన్ చూస్తుండగానా?"

"అతను గోడ వైపు తిరిగాడు."

"ఏం పని చేశావురా!" అన్నారు నాన్న. గట్టిగా అరవాలనుకున్నారు కానీ ఊపిరి చాల్లేదు. నేను పరిగెత్తి ఆయన్ని పట్టుకున్నాను.

"ఏం చేశాను? ఇల్లు కాపాడాను!" అరిచాడు అన్నయ్య. "మీ మాట నిలబెట్టాను! ఒక్కరైనా బాగా చేశావురా అనరేం?"

చేప నూనె కాగితంలోంచి కారి బల్ల మీద పరుచుకుంది. వదిన లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. కానీ తెల్ల కాగితాలు, పెన్ను, కళ్ళజోడు తీసుకుని వచ్చి, చేప పొట్లం పక్కకి జరిపి, తడి తుడిచి కూర్చుంది.

"కూర్చో జబ్బార్."

"ఏంటిది?"

"నా నివేదికకి నాలుగో పేజీ. ఎన్ని గంటలకి సంతకం పెట్టావు? గదిలో ఎవరెవరున్నారు? పెన్ను ఎవరిచ్చారు? వరసగా చెప్పు."

"నీకు పిచ్చా ఇంతిసార్? నేను నీ మొగుణ్ణి!"

"తెలుసు. అది కూడా రాస్తాను."

కళ్ళజోడు పెట్టుకుని, కాగితం పైన తారీకు వేసి, దాని కింద గీత గీసి, అన్నయ్య మొహంలోకి చూస్తూ కూర్చుంది.